ఇంజన్ మార్చవచ్చు, మాట మార్చరాదు

తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నై వెళ్ళే రహదారి మీద వడమాలపేట ఉంది. రాత్రింబవళ్ళు లారీలు తిరిగే దారి. అలాంటి దారి పక్కన మెకానిక్ షెడ్లు, పంచరు అంగళ్ళు, పాత ఇనుము కొట్లు ఉండటం సహజం. ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక అక్కడ ఒక పెద్దమనిషి మా చేయి పట్టుకొని పక్కకు తీసుకువెళ్ళారు. ఆయన లారీ మెకానిక్. వయసు యాభై దాటింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంజన్లు దించి ఎక్కిస్తున్న మనిషి.

"హజ్రత్, ఒక మస్అలా అడగాలి. వారం నుంచి నిద్ర లేదు" అన్నారు.

"అడగండి చాచా" అన్నాము.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన దగ్గర ఆరు బండ్లు బాగుచేయించుకునే యజమాని ఒకరున్నారు. ఆ యజమాని పాత 407 లారీకి ఇంజన్ బ్లాకు పగిలింది. ప్రమాదంలో నుజ్జయిన మరో 407 నుంచి మేస్త్రీ గారు బ్లాకు తెచ్చారు. క్రాంకు మూడో బండిది. అది అప్పటికే రెండుసార్లు గ్రైండింగ్ అయి అర మిల్లీమీటరు తగ్గి ఉంది. హెడ్డు చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారు నుంచి వచ్చింది. అన్నీ శుభ్రం చేసి, కొలతలు చూసి బిగించారు. బండి స్టార్టయింది. పొగ లేదు, చెడు శబ్దం లేదు. యజమాని దానికి రంగు వేయించి అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి పక్క పల్లె నుంచి ఒక యువకుడు వచ్చాడు. మామిడి, టమాటా లోడ్లు తోలుకొని బతుకుదామని అతని ఆశ. తల్లి గాజులు కుదువ పెట్టి అడ్వాన్సు ఇచ్చాడు. "బండితో వచ్చిన ఇంజనే, కొత్తగా పని చేయించాం" అని యజమాని చెప్పాడు. ఆ యువకుడు షెడ్డుకు వచ్చి, "భాయ్, బండి ఎట్లుంది?" అని మేస్త్రీ గారిని అడిగాడు. ఈయన తలెత్తకుండా, "స్టార్ట్ చేసి చూసుకో నాయనా" అన్నారు. మిగతా డబ్బు ఆదివారం ఇవ్వాలి.

"నేను అమ్మలేదు హజ్రత్. అబద్ధమూ ఆడలేదు. నట్లు బిగించాను, కూలి తీసుకున్నాను. బండి బాగానే నడుస్తోంది. నా మీద గునాహ్ ఉందా?" అన్నది ఆయన ప్రశ్న.

పైకి ఇది ఒక షెడ్డుకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని మన ముస్లిం కుటుంబాలలో ఎంతోమంది బిడ్డలు మెకానిక్కులుగా, వెల్డర్లుగా, లేత్ పనివారుగా, పాత బండ్ల బ్రోకర్లుగా హలాల్ రోజీ సంపాదిస్తున్నారు. వారి ఇళ్ళలో పొయ్యి మీదికెక్కే అన్నం ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. అందుకే దీనిని వివరంగా చూద్దాం.

విడిభాగాలు మార్చడం తప్పా?

ముందుగా ఒక అనుమానం తొలగించుకోవాలి. ఒక బండి భాగాన్ని మరో బండికి బిగించడం స్వతహాగా తప్పు కాదు. నిషేధించబడినట్లు ఆధారం లేనంతవరకు ప్రాపంచిక వ్యవహారాలలో వస్తువులు ధర్మసమ్మతమే అన్నది ఫుఖహా చెప్పిన మూలసూత్రం. పైగా ఇస్లాం వృథాను గర్హించింది. దైవప్రవక్త (స) తమ చెప్పులు తామే కుట్టుకునేవారనీ, బట్టలకు అతుకులు తామే వేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. పనికొచ్చే వస్తువును పారవేయకుండా మళ్ళీ పనిలో పెట్టే చేయి మంచి చేయి.

పాత బండ్ల విషయంలో ఇది తప్పనిసరి అవసరం కూడా. ఉదాహరణకు అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న అంబాసిడర్‌కు ఏదైనా భాగం కావాలంటే చాలాసార్లు మూలపడిన మరో అంబాసిడరే దిక్కు. ఒకప్పుడు పెట్రోలు భారం మోయలేక ఎంతోమంది టాక్సీవాలాలు తమ కార్లలో డీజిల్ ఇంజన్లు దించుకొని సంసారాలు నెట్టుకొచ్చారు.

కొన్ని మార్పిడులకు కంపెనీలే దారి వేశాయి. టాటా వారి 483 రకం డీజిల్ ఇంజన్ ఒక్కటే అటు సరుకు మోసే టాటామొబైల్ పికప్‌లోనూ, ఇటు సియెర్రా, ఎస్టేట్, సుమో కార్లలోనూ కూర్చుంది. 1948 సి.సి. ఇంజన్ అది. అలాంటి చోట సరుకుబండి భాగం కారుకు పట్టడంలో వింత ఏమీ లేదు.

అయితే పట్టినట్లు కనిపించేవన్నీ పట్టవు. ఈ ఇంజన్ల పేర్లలో ఒక లెక్క ఉంది. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతి రెండంకెలు బోరు మిల్లీమీటర్లు. 407లో వచ్చిన 497 ఇంజన్ అంటే 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. పెద్ద లారీల 697 అంటే 6 సిలిండర్లు, బోరు అదే 97. కాని స్ట్రోకు మొదటి దానిలో 100 మిల్లీమీటర్లు, రెండవ దానిలో 128. పైనుంచి చూస్తే రెండింటి బోరూ ఒకటే. లోపల దూరం వేరు. ఈ తేడా తెలిసినవాడే మేస్త్రీ. తెలియనివాడు కొనుగోలుదారు. మన సమస్య అంతా ఈ తెలియడం, తెలియకపోవడం మధ్యనే ఉంది.

ఇంకా అది అదే బండేనా?

మేస్త్రీ గారు మరో మాట కూడా అన్నారు. "బ్లాకు ఒకదానిది, క్రాంకు ఒకదానిది, హెడ్డు ఒకదానిది. ఇది ఎవరి ఇంజన్ అని చెప్పేది హజ్రత్? అడిగినా నాకే తెలియదు."

ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక ఓడ సంగతి రాశాడు. ఏథెన్స్ ప్రజలు థీసియస్ అనే వీరుడి ఓడను జ్ఞాపకంగా ఉంచుకొని, చివికిన పలకను తీసి కొత్త పలక వేస్తూ పోయారు. చివరకు అది పాత ఓడేనా, కొత్తదా అని తత్వవేత్తలు వాదించుకున్నారు. 1655లో థామస్ హాబ్స్ అనే ఆంగ్ల తత్వవేత్త దానికి మరో చిక్కుముడి జోడించాడు. తీసివేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి వాటితో మరో ఓడ కట్టితే, రెండింటిలో అసలు ఓడ ఏది? పాత ఇనుము కొట్టు చూసినవారికి ఇది కథ కాదు. ఒక లారీ ఒళ్ళు అయిదు లారీలలో తిరుగుతూ ఉంటుంది.

మన పండితులు ఇదే ప్రశ్నను మనిషి విషయంలో ఆలోచించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'తహాఫుతుల్ ఫలాసిఫా' గ్రంథం చివరి చర్చలో, మనిషి శరీరం బాల్యం నుంచి వృద్ధాప్యం దాకా ఆహారంతో మారిపోతూనే ఉన్నా ఆ మనిషి అతడేనని చెప్పారు. ఇరవై ఏళ్ళప్పుడు అప్పు చేసినవాడు యాభై ఏళ్ళప్పుడు, 'ఆ చేయి వేరు, ఈ చేయి వేరు' అని తప్పించుకోలేడు. అతనికి రూహ్ ఉంది, అతని పేర కర్మల పత్రం ఉంది. తీర్పుదినాన సమాధానం చెప్పుకోవలసింది అతడే.

లారీకి రూహ్ లేదు. దానికి కర్మల పత్రం లేదు. కనుక 'ఇది అదే బండి' అన్న మాటకు అర్థం ఇనుములో వెతికితే దొరకదు. ఆ అర్థం మనుషుల మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంటుంది. ఆర్.సి. బుక్కులో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రాసి ప్రభుత్వం ఒక ఒప్పందం చేసింది. 'బండితో వచ్చిన ఇంజనే' అని అమ్మినవాడు మరో ఒప్పందం చేశాడు. బండి అదేనా కాదా అని తత్వవేత్తలు ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. అన్నమాట నిజమా కాదా అన్నది మాత్రం ఒక్క క్షణంలో తేలుతుంది. బండిని గురించి జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు, మాటను గురించి మనం జవాబు చెప్పుకోవాలి.

ఫిఖహ్ ఏమంటుంది?

మన హనఫీ ధర్మశాస్త్రం ఇక్కడ రెండు మెట్లు చూపించింది. ఒక రాయిని కెంపు అని అమ్మితే అది గాజుముక్కగా తేలిందనుకోండి. అమ్మిన వస్తువు జాతే వేరు. ఆ బేరం చెల్లదు. అలా కాక పాలిచ్చే ఆవు అని అమ్మితే అది వట్టిపోయినదని తేలిందనుకోండి. అమ్మింది ఆవునే, కాని చెప్పిన గుణం లేదు. బేరం జరిగినట్లే, అయితే కొన్నవాడికి తిరిగి ఇచ్చే హక్కు ఉంది. 'బండితో వచ్చిన ఇంజన్' అన్నది ఇలాంటి గుణవర్ణన అని మాకు అర్థమవుతోంది. ఆ గుణం లేదని తెలిసిన రోజున కొన్నవాడు బండి వెనక్కు తెచ్చి నిలబెడితే న్యాయం అతని వైపే ఉంటుంది.

గుణం మాట అటుంచి దోషం ఉంటే? దానినే 'ఐబ్' అంటారు. దోషం దాచి అమ్మితే కొన్నవాడికి 'ఖియారుల్ ఐబ్' అనే హక్కు వస్తుంది. అతను వస్తువును తిరిగి ఇచ్చివేయవచ్చు, లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. మరి పాత బండిలో ఏది దోషం, ఏది కాదు? ఫిల్టరు మార్చినా, క్లచ్ ప్లేటు మార్చినా చెప్పుకుంటూ కూర్చోవాలా? దీనికి ఫుఖహా చక్కని కొలబద్ద ఇచ్చారు. ఆ వ్యాపారం చేసేవారి వాడుకలో దేనివల్ల ధర తగ్గుతుందో అదే దోషం. ఫిల్టరు మార్చిన సంగతి తెలిస్తే ఎవరూ ధర తగ్గించరు. బ్లాకు మారిందని, నంబరు ఆర్.సి.తో కలవదని, క్రాంకు అర మిల్లీమీటరు తగ్గి ఉందని తెలిస్తే తగ్గిస్తారు. అందుకే దాచాలనిపిస్తుంది. దాచాలనిపించడమే దానికి సాక్ష్యం. మనసులో గుచ్చుకునేది, నలుగురికి తెలియడం ఇష్టం లేనిది పాపమని దైవప్రవక్త (స) నేర్పిన విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఆ అర మిల్లీమీటరు కథ కూడా చూడండి. క్రాంకు అరిగినప్పుడు లేత్ షాపులో దాన్ని సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున గ్రైండింగ్ చేస్తారు. ఎంత తగ్గితే అంత మందం బేరింగులు వేయాలి. రేపు మరో ఊళ్ళో మరో మెకానిక్ ఆ సంగతి తెలియక మామూలు సైజు బేరింగులు వేస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు లోడ్‌తో ఘాట్ ఎక్కుతున్నాడో, రైతు సరుకు మార్కెట్‌కు చేర్చవలసిన రాత్రో ఎవరికి తెలుసు? ఒక భాగం బండి నుంచి బండికి వెళ్ళినప్పుడు దాని చరిత్ర కూడా దాని వెంట వెళ్ళాలి. చరిత్ర ఆగిపోయి ఇనుము మాత్రమే వెళితే, ఎక్కడో ఒకచోట అమాయకుడు దానికి మూల్యం చెల్లిస్తాడు.

అమ్మనివాడి మౌనం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యజమాని బాధ్యత స్పష్టమే. అమ్మనివాడు, కేవలం బిగించినవాడు మౌనంగా ఉంటే?

మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి లోపలి తడిని కనిపెట్టిన సంఘటన మనందరికీ తెలుసు. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు, మోసగించేవాడు తమవాడు కాడన్నారు. అక్కడ ఆ వర్తకుడు అబద్ధమేమీ ఆడలేదన్నది గమనించాలి. పొడి గింజలు పైకి, తడి గింజలు కిందికి ఉన్నాయి, అంతే. కొత్త రంగు కింద పాత బ్లాకు ఉన్నట్లే.

అయితే ఆయన అమ్మేవాడు. మన మేస్త్రీ గారికి మరింత దగ్గరగా సరిపోయే సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) అనే సహాబీ ఉండేవారు. ఆయన ఎదుటే ఒక వ్యక్తి ఒంటె కొనుక్కొని వెళుతున్నాడు. వాసిలా (రజి) వెనుకనే వెళ్ళి అతనిని ఆపారు. దాని లోపం నీకు చెప్పారా అని అడిగారు. చూడటానికి బలంగా ఆరోగ్యంగానే ఉందికదా అని అతడన్నాడు. ప్రయాణానికా, మాంసానికా అని ఆయన అడిగారు. హజ్ ప్రయాణానికి అని అతడు చెప్పాడు. అయితే దాని కాలిగిట్టలో రంధ్రం ఉందని ఆయన తెలియజేశారు. అమ్మినవాడికి కోపం వచ్చి, నా బేరం చెడగొడుతున్నావేమిటని నిలదీశాడు. అప్పుడు ఆయన దైవప్రవక్త (స) నుంచి తాము విన్న విషయం చెప్పారు: లోపాన్ని తెలుపకుండా వస్తువు అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదు. అంతేకాదు, ఆ లోపం తెలిసినవాడు తెలుపకుండా ఉండటమూ ధర్మసమ్మతం కాదు.

రెండవ వాక్యం మన మేస్త్రీ గారి కోసమే చెప్పినట్లుంది. వాసిలా (రజి)కు ఆ బేరంలో దమ్మిడీ లాభం లేదు. ఆయనకు తెలుసు, అంతే. తెలియడమే ఆయనను బాధ్యుణ్ణి చేసింది. ఆయన అడిగిన ప్రశ్న కూడా ఎంత లోతైనదో చూడండి. ప్రయాణానికా, మాంసానికా? గిట్టలో రంధ్రం మాంసానికి కొనేవాడికి లోపం కాదు, వేల మైళ్ళు నడవవలసినవాడికి ప్రాణాంతకం. పాత 407ను తుక్కుగా కొనేవాడికి క్రాంకు సైజుతో పని లేదు. లోడ్లు తోలుకొని కిస్తీలు కట్టవలసిన యువకుడికి అదే బతుకు.

కనుక ఇంజన్ బిగించిన మనిషి కేవలం కూలివాడు కాడు. ఆ ఇంజన్ లోపల ఏముందో భూమి మీద తెలిసిన ఒకే ఒక్క సాక్షి అతడు. దివ్యఖుర్ఆన్ రెండవ సూరా 283వ ఆయతులో సాక్ష్యాన్ని దాచేవాని హృదయాన్ని అల్లాహ్ పాపభూయిష్ఠమైనదిగా పేర్కొన్నాడు. నాలుకను కాదు, హృదయాన్ని పేర్కొన్నాడు. మౌనంగా ఉన్నవాడి నాలుక ఏ తప్పూ చేసినట్లు కనిపించదు కదా!

ఆ యువకుడు ముస్లిం కాడు. ఆ మాట కూడా మేస్త్రీ గారు మాతో అన్నారు, జవాబు తెలిసినట్లుగానే అన్నారు. ధోకా ఎవరికి చేసినా ధోకాయే. తూకంలో దగా చేసేవారికి వినాశం ఉందని హెచ్చరించిన సూరా ముతఫ్ఫిఫీన్, కొనేవాడి మతం చూసి తూకం వేయమనలేదు.

'చూసుకొని కొనుక్కో' అంటే సరిపోతుందా?

పాత బండ్ల బజారులో ఒక మాట చెలామణిలో ఉంది. 'ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాం, చూసుకొని కొనుక్కో, తర్వాత మాకు సంబంధం లేదు.' ఈ షరతు పెట్టుకుంటే బాధ్యత తీరిపోయిందని చాలామంది భావిస్తారు.

ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి ముఅత్తాలో ఒక తీర్పు ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తమ బానిసను 800 దిర్హములకు అమ్మారు. ఏ లోపానికీ తమకు బాధ్యత లేదన్న షరతు మీదే అమ్మారు. కొన్నవాడు తర్వాత బానిసలో ఒక రోగం ఉందని ఫిర్యాదు చేశాడు. విషయం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వెళ్ళింది. అమ్మిన నాటికి ఆ రోగం సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమని ఆయన ఇబ్ను ఉమర్ (రజి)ను ఆదేశించారు. ఆయన ప్రమాణం చేయడానికి ఇష్టపడలేదు. బానిసను తిరిగి తీసుకున్నారు. ఆ తర్వాత అతనికి నయమైంది, 1500 దిర్హములకు అమ్ముడుపోయాడు.

ఆ తీర్పు మనకు చూపేది ఇది. బాధ్యత లేదన్న షరతు మనకు తెలియని లోపాలను కాపాడవచ్చు. తెలిసి దాచినదానికి అది గొడుగు పట్టదు. మన ఫిఖహ్‌లో ఇలాంటి షరతు చెల్లుబాటు గురించి వివరమైన చర్చ ఉంది. కాని కాజీ ముందు చెల్లడం వేరు, అల్లాహ్ ముందు నిలబడటం వేరు.

కొనే వైపు కూడా ఇదే నీతి. బండి విలువ తెలియని వితంతువు ఇంటి ముందు మూలపడి ఉన్న జీపును తుక్కు ధరకు అడిగే బ్రోకరుకు, లోపలి ఇంజన్ నికార్సయినదని తెలుసు. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తమ సేవకుడు 300 దిర్హములకు బేరమాడి తెచ్చిన గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే విలువైనదని అమ్మేవాడికి తామే చెప్పి, ధర పెంచుతూ పోయి 800 దిర్హములు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని తాము దైవప్రవక్త (స)కు ప్రమాణం చేశామని ఆయన కారణం చెప్పారు.

రెండు సందేహాలు

"యజమాని లోపం బయటపెడితే గీబత్ కాదా?" అని కొందరు అడుగుతారు. కాదు. మోసపోబోతున్నవానిని హెచ్చరించడం గీబత్ నిషేధం కిందికి రాదని ఇమామ్ నవవీ (రహ్మ) వంటి పండితులు వివరించారు. తనను అడిగిన ఇద్దరు వరుల గురించి ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) సలహా కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆ ఇద్దరిలోని లోపాలనూ ఆమెకు తెలియజేశారు. అవసరమైనంతే చెప్పాలి, అవసరమైనవారికే చెప్పాలి. టీ అంగట్లో కూర్చొని పదిమందికి చెబితే అది గీబతే.

"ఇది చట్టం సంగతి, దీన్‌తో ఏమి పని?" అని మరికొందరంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పును 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. కంపెనీ నిర్ణయించిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. ఇంజన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది కనుక బ్లాకు మారితే నంబరు మారినట్లే. దాన్ని నమోదు చేయించకపోతే రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు, బీమా కంపెనీ ముందు తల వంచుకొని నిలబడేది కొన్నవాడే. నంబరు చెక్కివేసి పాత నంబరు కొట్టడమైతే ఇనుము మీద చెక్కిన అబద్ధం. దొంగ బండ్ల భాగాలు చేతులు మారేదీ ఆ దారిలోనే. ధరలో అనుమానం వచ్చినా, బిల్లు లేకపోయినా, అమ్మేవాడి మాట తడబడినా ఆ భాగం కొనకుండా ఉండటమే క్షేమం. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడు తన దీన్‌ను, పరువును కాపాడుకున్నట్లేనని దైవప్రవక్త (స) బోధించారు.

ఒక చిన్న పుస్తకం

ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు ఏది? రెండవ సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయతు. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. ఆ స్ఫూర్తిని మన షెడ్లలోకి తెచ్చుకోవచ్చు.

ప్రతి షెడ్డులో ఒక పుస్తకం పెట్టండి. ఇంజన్ దించిన తేదీ, బ్లాకు నంబరు, క్రాంకు ఎంత గ్రైండింగ్ అయింది, ఏ సైజు బేరింగులు వేశారు, ఏ భాగం ఏ బండి నుంచి, ఎక్కడి నుంచి వచ్చింది రాయండి. ఒక కాగితం బండి యజమానికి ఇవ్వండి. బండి అమ్మితే ఆ కాగితం బండితో వెళుతుందని ముందే చెప్పండి. పని ఒప్పుకునేటప్పుడే ఆ షరతు పెడితే తర్వాత మొహమాటం ఉండదు. షాగిర్దులకు స్పానరు పట్టడంతో పాటు ఇది కూడా నేర్పండి.

మార్చిన భాగం అవమానం కాదు. పక్కనే పుత్తూరు ఉంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కట్టు కట్టించుకున్న చేయితో మళ్ళీ బరువులు ఎత్తుతారు. కాని ఆ చేయి ఒకసారి విరిగిందని దాని మనిషికి తెలుసు కనుక జాగ్రత్తగా వాడుకుంటాడు. ఆ యువకుడికి మనం బాకీ ఉన్నది ఆ తెలివిడి మాత్రమే.

ఆదివారం ఏమైంది?

మేము ఆ శుక్రవారం మేస్త్రీ గారికి ఇలా చెప్పాము: "ముందు యజమానికి ఏకాంతంగా చెప్పండి. ఆయనే చెప్పుకునే అవకాశం ఇవ్వండి. ఒప్పుకోకపోతే డబ్బు చేతులు మారకముందే ఆ అబ్బాయికి మీరు చెప్పాలి. బండి చెడ్డదని చెప్పకండి, అది నిజం కాదు. ఏముందో అది చెప్పండి."

ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆరు బండ్ల పని హజ్రత్" అన్నారు. ఆ మాటకు మా దగ్గర సులువైన జవాబు లేదు. మా జీతం ఆ ఆరు బండ్ల మీద ఆధారపడి లేదు. నీతి చెప్పేవాడికి ఖర్చు ఉండదు, పాటించేవాడికే ఉంటుంది.

తర్వాత తెలిసింది. యజమాని ఒప్పుకోలేదు. మేస్త్రీ గారు ఆదివారం ఉదయమే ఆ యువకుడిని షెడ్డుకు పిలిచి, బ్లాకు నంబరు చూపించి, క్రాంకు సంగతి కాగితం మీద రాసి ఇచ్చారు. అతను బండి వదలలేదు. ధర తగ్గించుకొని, ఇంజన్ మార్పు ఆర్.సి.లో ఎక్కించే బాధ్యత యజమాని మీదే పెట్టి కొన్నాడు. యజమాని మిగతా బండ్లను మరో షెడ్డుకు తీసుకువెళ్ళాడు. ఇది నష్టం కాదని మేము అనము. నిజం చెప్పిన ప్రతివాడికీ మరుసటి వారమే రెట్టింపు లాభం వస్తుందని చెప్పడం కూడా ఒక విధమైన దాపరికమే అవుతుంది. కొనేవాడు, అమ్మేవాడు నిజం పలికి లోపాలు విడమరిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. బర్కత్ ఏ రూపంలో, ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు.

మళ్ళీ కలిసినప్పుడు, "ఇప్పుడు నిద్ర పడుతోందా చాచా?" అని అడిగాము.

"పడుతోంది హజ్రత్. పని కొంచెం తక్కువ, అంతే" అని నవ్వారు. వారి బల్ల మీద గ్రీజు మరకలతో ఒక కొత్త నోటు పుస్తకం కనిపించింది.

మన చేతులకు నైపుణ్యాన్నీ, మన నాలుకలకు సత్యాన్నీ, మన సంపాదనలో బర్కత్‌నూ అల్లాహ్ ప్రసాదించుగాక! నిజం చెప్పి నష్టపోయిన ప్రతి కష్టజీవికీ తన ఖజానా నుంచి మేలైన ప్రతిఫలం అందించుగాక! ఆమీన్.